మూడో సిలిండరు, నల్లగుడ్డ మూట

మా కారుకు నాలుగు సిలిండర్లు. పోయిన ఏడాది ఆషాఢంలో ఒక శనివారం సాయంత్రం అది మూడింటితోనే ఇంటికి వచ్చింది.

నేను వరండాలో కూర్చుని ఏదో ఉపన్యాసానికి నోట్సు రాసుకుంటున్నాను. గేటు దగ్గర ఇంజన్ చప్పుడు తేడాగా వినిపించింది. ఎప్పుడూ ఒకే దారంలా సాగే చప్పుడులో మధ్యమధ్య ముడి పడుతోంది. కారు ఆగినా బానెట్టు వణుకుతూనే ఉంది, చలిజ్వరం వచ్చినవాడి గడ్డంలాగా.

"మిస్సింగ్ కొడతాండాది," అంది నా భార్య, దిగుతూనే. "ఎత్తు ఎక్కనంటాది. ఇంజను గుర్తు పచ్చలైటు కూడా వెలిగింది చూడు." ఆమె విడపనకల్లు హైస్కూల్లో సైన్సు టీచరు. గుంతకల్లు నుంచి రోజూ అరగంట దారి ఆ కారులోనే పోయి వస్తుంది. కారు నేను కొన్నదే అయినా, నడిపేది ఆమె. చేతిసంచి భుజానికి తగిలించుకుంటూ అంది: "రేపు తమ్ముణ్ణి రమ్మంటా."

ఆ తమ్ముడు ఆమె తోడబుట్టినవాడు కాదు. మా ఇంటికి రెండు వీధుల అవతల, రైల్వే గేటు పక్కన రేకుల షెడ్డు వేసుకున్న కారు మెకానిక్కు. నలభై ఏళ్ళవాడు. షెడ్డు ముందర నిమ్మకాయ, మిరపకాయల దండ. పనిబల్లకు కుంకుమ బొట్టు. అమావాస్య వస్తే గుమ్మడికాయ పగలగొట్టి గానీ పానా పట్టడు. ఇంజన్ రోగం చెప్పే స్కానరు కొన్న రోజు దానికీ మూడు బొట్లు పెట్టాడు. పోనీ, ఇవన్నీ నేను సహించగలను. నలభై ఏళ్ళుగా ఊరూరా తిరిగి మూఢనమ్మకాల మీద వాదించినవాణ్ణి. బొట్లు నాకు కొత్త కాదు. సహించలేనిది ఇంకొకటి. మా ఇంట్లో ఆయన మాట చెల్లుతుంది.

"టైర్లలో గాలి పొద్దున పూటే చూసుకోవాలంట, తమ్ముడు చెప్పినాడు." "బంకులో పూర్తిగా నింపొద్దంట, తమ్ముడు చెప్పినాడు." మేము దండలు, మంత్రాలు లేకుండా పదిమంది ముందు సంతకాలు చేసి పెళ్ళి చేసుకున్నవాళ్ళం. ఒకరినొకరు నువ్వు అనే పిలుచుకుంటాం. నా వ్యాసాలకు మొదటి పాఠకురాలు ఆమె, ప్రూఫులు దిద్దేదీ ఆమే. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఎవరితోనైనా "మా ఆయన చెప్పినాడు" అని నా మాటను అలా ఎత్తి చెప్పగా నేను వినలేదు. నా చెవిన పడకుండా ఎప్పుడైనా చెప్పి ఉండవచ్చు. కానీ ఆధారం లేనిది నేను నమ్మను.

దీన్ని అసూయ అంటారని నాకు తెలుసు. అప్పుడూ తెలుసు. తెలిసినంత మాత్రాన తగ్గే రోగం కాదది.

ఒకసారి షెడ్డులో పదిమంది ఉండగా ఆయన్ను అడిగాను: "ఏమప్పా, ఈ నిమ్మకాయ కట్టినందుకు ఇంతవరకూ ఒక్క బండికైనా రోగం కుదిరిందా?"

"బండికి కాదు సార్," అన్నాడు చేతులు తుడుచుకుంటూ. "అది లేకుంటే మా యమ్మ నాకు అన్నం పెట్టదు."

అందరూ నవ్వారు. ఆయన పక్షానే నవ్వారు. పెద్దపెద్ద పీఠాల ప్రతినిధులతో వాదించి నెగ్గినవాణ్ణి, ఒక రేకుల షెడ్డులో ఓడిపోయి ఇంటికొచ్చాను.

అప్పటినుంచి ఆయన్ను ఓడించడానికి ఒక ఆధారం కోసం చూస్తున్నాను. వేసవిలో అది దొరికింది. ఆయన కారు సర్వీసు చేసి ఇచ్చిన వారానికి, అద్దం కడిగే నీళ్ళు పోద్దామని బానెట్టు ఎత్తాను. బ్యాటరీ పక్కన నల్లగుడ్డ మూట ఒకటి. నిమ్మకాయంత. మెడకు ఎర్రదారం చుట్టి, ఒక పైపుకు కట్టి ఉంది. ఒళ్ళు మండిపోయింది. నా కారు కడుపులో దిష్టి మూట! తెంచి, ప్రహరీ అవతలికి విసిరేశాను. చెయ్యి సబ్బుతో కడుక్కున్నాను. ఎందుకు కడుక్కున్నానో ఇప్పుడు ఆలోచిస్తే నవ్వొస్తుంది.

భార్యకు చెప్పలేదు. చెబితే "పోనీలే, ఆయన నమ్మకం ఆయనది" అంటుంది. ఆ మూట మీద ఒక ఉపన్యాసం మాత్రం అయింది, అనంతపురంలో, చప్పట్ల మధ్య. ఆ తర్వాత ఒక చిన్న మాసపత్రికలో వ్యాసం. "ఇరవైయొకటో శతాబ్దపు ఇంజనుకు కట్టిన పదిహేనో శతాబ్దపు తాయెత్తు" అని మొదలుపెట్టాను. కారు మాదని రాస్తే ఇంట్లో తెలిసిపోతుంది కనుక "ఒక మిత్రుడి కారు" అని రాశాను. ప్రూఫు దిద్దుతూ ఆమె అడిగింది: "ఎవరబ్బా ఆ మిత్రుడు?"

"నీకు తెలియదులే," అన్నాను.

ఇదీ ఆ శనివారం నాటికి మా ఇంటి పరిస్థితి. తమ్ముణ్ణి పిలుస్తానని ఆమె అనగానే నా నోట ఒక మాట వచ్చింది. చాలా మెల్లగా, శ్రద్ధగల భర్తలాగా అన్నాను: "మొన్న సర్వీసు చేసింది ఆయనే కదా. ఆయన చెయ్యి పడినాకనే కదా ఇది మొదలైంది."

కాకి వాలగానే తాటిపండు పడితే కాకి పడేసినట్టు కాదని పల్లెపల్లెకూ తిరిగి చెప్పిన నోరు అది. ఆమె కారు వైపు చూసింది. "అవునా?" అంది. నాకు కావలసింది ఆ "అవునా". అది చాలు, మిగతాది దానంతటదే పెరుగుతుంది. ఆయన్ను పిలవలేదు.

ఆదివారం నేనే దిగాను. ఫోనుకు తగిలించుకునే చిన్న స్కానరు ఒకటి అంతకుముందే తెప్పించుకుని ఉన్నాను, ఆమెకు తెలియకుండా. స్టీరింగు కింద గుచ్చితే ఫోనులో అక్షరాలు పడ్డాయి: మూడో సిలిండరులో మిస్‌ఫైర్. అంటే మూడో గదిలో పెట్రోలు మండడం లేదు. మండాలంటే మూడు కావాలి: గాలి, పెట్రోలు, నిప్పు. జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పినవాడికి ఇందులో తెలియనిదేముంది? నిప్పు ఇచ్చేది స్పార్కు ప్లగ్గు. ప్లగ్గుకు కరెంటు ఇచ్చేది పైన కూర్చునే కాయిల్. బజారుకు పోయి నాలుగు ప్లగ్గులు, ఒక కాయిల్ తెచ్చాను. పాత ప్లగ్గులు విప్పాను. మూడోది పొడిగా, శుభ్రంగా ఉంది. చూశాను, పక్కన పెట్టాను. కొత్త ప్లగ్గులు నాలుగూ, మూడోదానికి కొత్త కాయిలూ బిగించి తాళం తిప్పాను.

ఇంజను సాఫీగా పట్టుకుంది! వణుకు లేదు. ముడి లేదు. ఒకే దారం.

ఆమెను పిలిచాను. వంటింట్లోంచి పిండిచేతులతోనే వచ్చి విన్నది. "అబ్బో!" అంది. ఆ మాట కోసం నేను ఎన్నాళ్ళుగా ఎదురుచూశానో చెప్పుకుంటే సిగ్గుచేటు. ఆ పూట అన్నం కూడా రుచిగా తిన్నాను.

సోమవారం పన్నెండుకు ఫోను మోగింది. ఆమె కాదు, మెకానిక్కు.

"సార్, అక్క ఫోన్ చేసింది. బండి మళ్ళా మిస్సింగ్ కొడతాందంట, స్కూలు కాడ పెట్టేసిందంట. నేను బైకు మీద పోతాండా. మీరూ వస్తారా?"

ఆమె ఫోను చేసింది ఆయనకు. నాకు కాదు. కుదిర్చింది నేను, చెడితే పిలిచింది ఆయన్ను. చెప్పులు వేసుకుంటుంటే కాలివేళ్ళు దారి తప్పాయి.

ఆయన బైకు వెనక కూర్చున్నాను. హ్యాండిలుకూ ఒక నిమ్మకాయ వేలాడుతోంది. ఎండిపోయింది. దారికి రెండు వైపులా నల్లరేగడి నోరు తెరుచుకుని పడి ఉంది. ఆ ఏడు విత్తనం వాన రాలేదు. మా చేలోకి పోవలసిన వేరుశెనగ విత్తన బుడ్డలు కూడా మూటల్లోనే, మా కారు షెడ్డులోనే ఉండిపోయాయి.

"గట్టిగా పట్టుకోండి సార్, రోడ్డు బాగలేదు." కొంతదూరం పోయాక అన్నాడు: "అక్క గొంతు ఎట్లనో ఉండాది సార్ ఫోన్లో. ఎప్పుడూ తమ్ముడూ అంటాది. ఈరోజు 'ఏమప్పా మెకానిక్కూ' అనింది."

గాలికి వినపడనట్టు ఊరుకున్నాను. లోపల మాత్రం ఒక చల్లదనం, చెప్పకుండా వచ్చింది.

స్కూల్లో మధ్యాహ్న భోజనం గంట అయిపోయింది. కారు గోడపక్క నీడలో ఉంది. ఆమె చేతిలో సుద్దముక్క అలాగే పట్టుకుని వచ్చింది. వస్తూనే ఆయన్ను అడిగింది:

"మొన్న సర్వీసులో ఏమన్నా వదులుగా వదిలేసినావా? నీ చెయ్యి పడినాకనే కదా ఇది మొదలైంది?"

నా మాట. అక్షరం పొల్లుపోకుండా. ఇన్నేళ్ళకు ఆమె నా మాటను ఎత్తి చెప్పింది, ఇదిగో, ఇందుకు.

ఆయన ముఖం మాడిపోయింది. వాదించలేదు. "ఉండొచ్చక్కా. చూస్తా," అన్నాడు. బానెట్టు ఎత్తాడు. ఇంజను స్టార్టు చేయించి, కళ్ళు మూసుకుని విన్నాడు.

"ఎవరన్నా ముట్టుకున్నారా?"

"నేనే," అన్నాను. "నాలుగు ప్లగ్గులూ మార్చినా. మూడో కాయిల్ కూడా. ఒక రోజంతా బాగుండింది."

"దేంతో బాగైంది సార్? ప్లగ్గుతోనా, కాయిల్‌తోనా?"

"రెండింటిలో ఏదో ఒకటి."

"ఏదో అంటే?" అన్నాడు. ఎగతాళిగా కాదు, నిజంగా తెలుసుకోవాలని. "రెండూ ఒకేసారి మార్చినారా సార్?"

ఒక్కసారి ఒక్కటే మార్చండి, మిగతావన్నీ ఉన్నవి ఉన్నట్టు ఉంచండి, లేకపోతే ఫలితం దేనివల్లో తెలియదు. లాబరేటరీలో ఏళ్ళ తరబడి ఇదే చెప్పాను. నా భార్య కూడా ఆ గోడ అవతల తన క్లాసులో అదే చెబుతుంది. ఆమె నా వైపు చూడలేదు.

ఆయన పని మొదలుపెట్టాడు. మూడో కాయిల్ తీసి ఒకటోదానికి, ఒకటోది మూడోదానికి వేశాడు. "కాయిల్‌దే తప్పయితే రోగం ఒకటోదానికి పోవాల," అన్నాడు. స్టార్టు చేసి, బొట్లు పెట్టిన స్కానరు చూశాడు. రోగం మూడులోనే ఉంది. తర్వాత మూడో ప్లగ్గు తీసి నాలుగోదానితో మార్చాడు. మళ్ళీ మూడులోనే. ఒక్కొక్కటే. మధ్యలో తొందరపడలేదు, ముందే ఏదీ అనుకోలేదు. నేను పుస్తకాల్లో ప్రేమించిన పద్ధతి, గ్రీజు పట్టిన ఆ చేతుల్లో కళ్ళముందు నడుస్తోంది. నాకు కడుపులో మండింది. ఆయనకు తెలివి ఉన్నందుకు కాదు. ఆ తెలివి నాది, మా బళ్ళోది అనుకున్నందుకు.

మూడోదాంట్లోంచి తీసిన ప్లగ్గు నా ముందు పెట్టాడు.

"చూడండి సార్. నిప్పు రాకుంటే ఇది పెట్రోలుతో తడిసి, వాసన కొట్టాల. ఇది పొడిగా ఉండాది. అంటే పెట్రోలే రాలేదు. మీరు విప్పినప్పుడు పాతది ఎట్లుండె?"

"పొడిగానే," అన్నాను. ఆదివారం చూశాను. ఎందుకు పొడిగా ఉందని అడగలేదు.

పొడుగు స్క్రూడ్రైవరు తీసి, కొనను పెట్రోలు చిమ్మే ఇంజెక్టరు మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకున్నాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. తర్వాత నా చేతికి ఇచ్చాడు. ఒకటోది టిక్ టిక్ టిక్‌మని గడియారంలా కొట్టుకుంటోంది. రెండోదీ అంతే. మూడోది మూగ.

"అక్కా, నువ్వూ విను," అన్నాడు. ఆమె సుద్దముక్క గోడమీద పెట్టి, వంగి విన్నది. తల ఎత్తినప్పుడు ఆమె కళ్ళలో వెలుగు చూశాను. క్లాసులో పిల్లలు మొదటిసారి బల్బు వెలిగించినప్పుడు వచ్చే వెలుగు. నాకు ఆ వెలుగు తెలుసు. ఒకప్పుడు నా ఉపన్యాసాల్లో ముందు వరసలో కూర్చున్న ఒక అమ్మాయి కళ్ళలో ఉండేది.

ఆయన మూడోదాని వైరుకు టెస్టు లైటు గుచ్చాడు. వెలగలేదు. వైరును వేలితో కదిపాడు, మిణుకుమంది. మళ్ళీ కదిపాడు, ఆరింది. "ఆదివారం మీరు కాయిల్ ఎక్కించేటప్పుడు ఈ వైరు కదిలుంటాది సార్. తగులుకునింది. గుంతల్లో ఎగిరేసరికి మళ్ళా విడిపోయింది." వైరు మీది తొడుగు విప్పితే, పైతోలు కొరికేసి ఉంది. రాగి కనిపిస్తోంది. దాని కింద ఇంజను సందులో పిడికెడు బుడ్డల పొట్టు.

"ఎలక," అన్నాడు. అని బ్యాటరీ పక్కకు చూశాడు. చేత్తో తడిమాడు. "అక్కా, ఈడ నేను కట్టిన మూట ఏమైంది?"

"ఏం మూట?"

"పొగాకు మూట. పొగాకు, నాలుగు కలరా ఉండలు. మీ షెడ్డులో విత్తన బుడ్డలు చూసినా కదా సర్వీసప్పుడు. ఎలకలొచ్చి వైర్లు కొరుకుతాయని నల్లగుడ్డలో కట్టి పెట్టినా. ఆ వాసనకు రావు."

ఆయన ఇంకా వెతుకుతున్నాడు, కారు కిందకు కూడా వంగి. లేచి, చేతులు దులుపుకుని అన్నాడు:

"యాడో ఊడిపడినట్టుండాది. నేనే సరిగా బిగించలేదేమోక్కా. నువ్వన్నట్టే, తప్పు నాదే."

"పోనీలే," అంది ఆమె. "తమ్ముడూ" అనలేదు.

ఆ "పోనీలే"లో ఆయన ఒక మెట్టు దిగాడు. నేను రెండేళ్ళుగా కోరుకున్న మెట్టు అది. నేను ఊరుకుంటే చాలు. మూట ఊడిపోయింది, సాక్ష్యం ప్రహరీ అవతల ఎప్పుడో మట్టిలో కలిసింది, ఏ వాదంలోనూ నన్నెవరూ పట్టుకోలేరు. ఊరుకుందామనే అనుకున్నాను కూడా. ఎంతసేపని చెప్పను? ఆయన టేపు చుట్ట కోసం సంచిలో చెయ్యి పెట్టి, వెతికి, బయటికి తీసినంతసేపు.

నన్ను కదిలించింది నీతి కాదు. మళ్ళీ అసూయే. "నేనే తప్పు చేసినానేమో" అనే మాట చెప్పించాలని ఎంతమందిని వేదికల మీద చెమటలు పట్టించాను! ఒక్కడూ అనలేదు. నేనూ ఎవరితోనూ అనలేదు. ఈయన ఏ రుజువూ లేకుండా, ఎవరూ బలవంతపెట్టకుండా, టేపు వెతుక్కుంటూ అనేశాడు. ఆ మాట కూడా ఆయనకే దక్కడం నేను ఓర్చుకోలేకపోయాను.

"ఊడిపోలేదు," అన్నాను. "నేనే తెంచి పారేసినా."

"ఎందుకు సార్?"

"దిష్టి మూట అనుకున్నా."

"విప్పి చూసినారా?"

"లేదు."

అప్పుడు నా భార్య చాలా నెమ్మదిగా అంది: "ఒక మిత్రుడి కారు."

"అవును," అన్నాను. "ఇంకోటి. ఆయన చెయ్యి పడినాకనే మొదలైందనే మాట నీ నోట పెట్టింది నేనే. అదీ తప్పే."

ఆమె ఆయన వైపు తిరిగింది. "తమ్ముడూ, ఇందాక నేనన్న మాట వెనక్కి తీసుకుంటాండా." ఆయన సిగ్గుపడి, తెగిన వైరు కొసలు మెలిపెట్టుకుంటూ తల దించుకున్నాడు. అతికి, టేపు చుట్టి, పైన కొత్త తొడుగు వేశాడు. కాయిళ్ళూ ప్లగ్గులూ వేటి చోట వాటిని పెట్టాడు. స్టార్టు చేస్తే నాలుగూ కొట్టుకున్నాయి. స్క్రూడ్రైవరు ఆనించి మూడోదాన్ని నేను చాలాసేపు విన్నాను.

ఆయన రోడ్డుమీది బంకుకొట్టుకు పోయి పొగాకు కాడ తెచ్చాడు. ఆమె తన చేతిరుమాలు ఇచ్చింది. మూట నన్నే కట్టమన్నాడు. కడుతూ అడిగాను, ఊరుకోలేక: "సరే, పొగాకు ఎలకలకు. నల్లగుడ్డ ఏదో దొరికింది. మరి ఆ ఎర్రదారం ఎందుకు?"

ఆయన నవ్వాడు. "అది మాత్రం దిష్టికే సార్. ఆ దారం మీరు తెంచొచ్చు. మూట ఉంచాల్సింది."

ఆమె అంత పెద్దగా నవ్వగా నేను చాలా ఏళ్ళకు విన్నాను. స్టాఫ్ రూములోంచి ఎవరో తొంగి చూశారు కూడా.

సాయంత్రం ఇంటికి వచ్చాక విత్తన మూటలు షెడ్డులోంచి తీసి మిద్దె మీది గదిలోకి చేర్చాం. ఆమె ఆ పాత పత్రిక తీసి, నా వ్యాసంలో "ఒక మిత్రుడి" అన్న చోట ఎర్రసిరాతో కొట్టేసి, పైన "నా" అని రాసి, బల్లమీద పెట్టి వెళ్ళింది. నేను సవరణ రాయడం మొదలుపెట్టాను. అరపేజీ అయ్యాక ఆమెకు ఇచ్చాను.

"'పొరపాటున తెంచి' అని రాసినావు," అంది. "పొరపాటున కాదు కదా. కోపంతో."

కొట్టేసి, కోపంతో అని రాశాను. ఆమె మళ్ళీ చదివి, ఒక మాట కూడా మార్చకుండా తిరిగి ఇచ్చింది. తర్వాత ఫోను తీసుకుని లోపలి గదిలోకి పోయి, దాన్ని తమ్ముడికి చదివి వినిపించింది. చదవడం అయ్యాక అటునుంచి ఆయన ఏదో అన్నాడు. ఆమె నవ్వింది, ఆయన నవ్వు కూడా ఫోనులోంచి సన్నగా బయటికి వచ్చింది. ఏమన్నాడో నాకు వినపడలేదు. అడగాలని లేచి, గుమ్మం దాకా పోయి, వెనక్కి వచ్చి కూర్చున్నాను.